రాతి మీట

కంభంలో మూతపడ్డ బడి సామాను
పాతినుము శేషగిరి తూకానికి తెచ్చాడు.
బెంచీల కాళ్లు, సొట్టపడ్డ గంట, రెండు గ్లోబులు.
అన్నిటి అడుగునా ఇది.
"ఏందబ్బా ఓబులేసూ, టైపు మిషనా?"
కిలో ఇరవై రెండు. నాలుగు కిలోలు తూగింది.
తొంభై ఇస్తే
రెండు రూపాయలకి చాక్లెట్ చేతిలో పెట్టాడు.

పగలంతా పలకల ఫ్యాక్టరీలో రంపం దగ్గర ఉంటాను.
సాయంత్రం తల మీద చెంబెడు పోసుకుంటే
బూడిద రంగు నీళ్లు కారతాయి.
ఆ తర్వాతే నా వేళ్లు నావి.

చెక్కపెట్టె తెరుస్తాను:
పిడి కరిగిన సోల్డరింగ్ ఐరన్,
ఒంగోలులో బేరమాడి కొన్న మల్టీమీటరు,
అరిగిన పళ్లబ్రష్షు, స్పిరిటు సీసా,
కరిగిన సీసాన్ని చటుక్కున పీల్చే పంపు.
దాన్ని మా పాప దోమల తుపాకి అంటుంది.

మూత విప్పితే
ఎండిన బల్లి ఒకటి, బలపం ముక్క,
కడుపుబ్బిన కెపాసిటర్లు మూడు,
బ్యాటరీ కారి, పచ్చగా పూసిన చిలుము.
నిమ్మచెక్కతో తోమాను.
ఇత్తడి బిందెల దగ్గర మా అత్త చేసే పనే.

డబ్బా బీడీ తాగేవాడి పళ్ల రంగులో ఉంది.
మంగలి షాపు మస్తాన్ వలి
జుట్టు తెల్లబరిచే క్రీము ఓ గిన్నెలో ఇచ్చాడు.
పూసి, ప్లాస్టిక్ కాగితం చుట్టి మిద్దె మీద పెట్టాను.
ఎదురు మిద్దె నుంచి పోలమ్మక్క:
"ఏం వడియాలురా అయ్యి?"
"కంప్యూటరు వడియాలక్కా."
మార్కాపురం ఎండ
ఎవరికైనా మేలు చేయగా నేను చూడలేదు.
మూడు రోజుల్లో దాన్ని అన్నం రంగుకి తెచ్చింది.

టీవీకి తగిలించి స్విచ్చేశాను.
తెర నిండా గళ్లు, ప్రశ్న గుర్తులు, తెగిన అక్షరాలు,
సన్నిపాతంలో మనిషి మాట్లాడినట్టు.
మీటరు ఏమీ చెప్పలేదు. వేలు చెప్పింది.
ఎనిమిది మెమరీ చిప్పులు,
జ్వరం చూసినట్టు ఒక్కోదాన్నీ తాకుతూ పోతే
ఆరోది చురుక్కుమంది.

కొత్తది చెన్నై నుంచి రావడానికి పదకొండు రోజులు.
ఈలోపు ఇంకో పని.
పై వరసలో ఒక మీట లేదు, పన్ను ఊడినట్టు.
ఇంగ్లీషు ఓ.
అంచు విరిగి పారేసిన పలక ముక్కని
ఆకురాయితో అరగదీసి గోరంత చేశాను.
పలక పొరలుగా విడుతుంది.
మాకు కూడు పెట్టే గుణమే అది,
చిన్న పనిలో అదే చేటు.
మూడు చేతిలోనే విడిపోయాయి.
నాలుగోది నిలబడింది. మేకుతో దాని మీద సున్న చుట్టాను.

దాంతోపాటే దొరికిన కేసెట్టు మీద
నీలం సిరా: ఏడు బి. ఎక్కాలు. ఎస్తేరు టీచరు.
టేపురికార్డరులో వేసి మీట నొక్కితే
ముందు ఆమె గొంతు:
"నోళ్లు మూయండ్రా, రికార్డవుతా ఉంది."
ఎవరో కుర్చీ లాగారు. ఎవరో నవ్వు ఆపుకున్నారు.
అప్పుడు మొదలైంది కీచుమనే కూత,
ఇంట్లోవాళ్లు చెవులు మూసుకున్నారు.
నాకు కొత్తేం కాదు,
రంపం రాతిలోకి దిగేటప్పుడు ఇట్టాగే అరుస్తుంది.
నాలుగు నిమిషాలు.

నీ పేరేంటి, అని అడిగింది తెర,
ఇంగ్లీషు అక్షరాల తెలుగులో.
రాతి మీట మీద వేలు పెట్టాను.
చల్లగా ఉంది. దిగింది.
ఓ పడింది.
మిగతా పేరు దాని వెనకే వచ్చింది.

పదమూడేళ్లు ఎంత?
తొంభై మూడు కొట్టాను.
మళ్లీ చూడు ఓబులేసూ, అంది.
పాప నా వీపు మీద పడి నవ్వుతుండగానే
కరెంటు పోయింది.

పేరు పోయింది, ఎక్కం పోయింది,
కూత పెట్టి నేర్చుకున్నదంతా పోయింది.
చీకట్లో ఐరన్ మొన ఒక్కటే ఇంకా వేడిగా ఉంది,
చెయ్యి తగలకుండా పక్కకి జరిపాను.

కరెంటొచ్చాక కేసెట్టు వెనక్కి తిప్పాం.
టీచరు నోరు తెరవకముందే
పాప తన పెదాల మీద వేలేసుకుని
బాసింపట్టు వేసుకుని కూర్చుంది.